వీసా వస్తుందో రాదో తెలియదు, వియన్నా పోస్టర్ ఇప్పుడే చేయాలా?

మత్తడి_వరంగల్:

అందరికీ నమస్కారం. నేను వరంగల్‌లో పీహెచ్‌డీ మూడో ఏడాది. పని గొలుసుకట్టు చెరువుల మీద. పై చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకాక దాని కింద ఉన్న చెరువులు ఏ వరుసలో, ఎన్నాళ్లకు నిండుతున్నాయో ఉపగ్రహ డేటాతో చూస్తున్నా. వానాకాలం మబ్బుల్లో మామూలు చిత్రాలు పనికిరావు కాబట్టి మబ్బుల్ని దాటి చూసే సెంటినెల్-1 ఉపగ్రహాల రేడార్ వాడుతున్నా. 2025 ఏప్రిల్ 27న వియన్నాలో మొదలయ్యే ఈజీయూ (యూరోపియన్ జియోసైన్సెస్ యూనియన్) జనరల్ అసెంబ్లీకి అబ్‌స్ట్రాక్ట్ (పని సారాంశం) పంపితే పోస్టర్‌గా తీసుకున్నారు, అంటే పనంతా ఒక పెద్ద షీటు మీద వేసి బోర్డుకి అతికించి, పక్కన నిలబడి చెప్పాలి.

సంతోషం అక్కడితో ఆగిపోయింది. వీసా అపాయింట్‌మెంట్ మార్చి 24న దొరికింది, అంతకన్నా ముందు ఖాళీ లేదు. మామూలుగా 15 రోజుల్లో తేలుస్తారట, అవసరమనుకుంటే 45 రోజులు తీసుకోవచ్చట. 45 అంటే మే 8. అప్పటికి సభ అయిపోయి అందరూ ఇళ్లకు చేరుంటారు. ట్రావెల్ గ్రాంట్ సంగతీ ఇంకా తేలలేదు.

మా గైడ్ గారేమో "ముందు వీసా రానీవయ్యా, పోస్టర్‌దేముంది, రెండు రోజుల పని" అంటున్నారు. నాకేమో టెన్షన్. ఇప్పుడు కూర్చుంటే థీసిస్ చాప్టర్ ఆగుతుంది. కూర్చోకపోతే ఆఖరి నిమిషంలో వీసా వస్తే ఏం తీసుకెళ్లాలి?

ఇంకో దారి ఉంది. వేరే ఊళ్లో ఐఐటీలో చదివే నా స్నేహితుడు ఒకడు వెళ్తున్నాడు, వాడికి వీసా వచ్చేసింది. నేను రాలేకపోతే పోస్టర్ తీసుకెళ్లి అతికిస్తానన్నాడు. కానీ వాడిది భూకంపాల సబ్జెక్టు. చెరువు గురించి అడిగితే వాడేం చెప్తాడు?

నా ప్రశ్నలు: నేను వెళ్తే పెట్టే పోస్టర్, వెళ్లలేకపోతే పంపే పోస్టర్ ఒకటేనా? ప్రింట్ ఎప్పుడు కొట్టించాలి? ఇప్పటికి డ్రాఫ్ట్‌లో ఉన్నవి తొమ్మిది మ్యాపులు, ఒక టైటిల్: "అసెస్‌మెంట్ ఆఫ్ స్పేషియో-టెంపోరల్ డైనమిక్స్ ఆఫ్ సర్ఫేస్ వాటర్ ఇన్ కాస్కేడ్ ట్యాంక్ సిస్టమ్స్ యూజింగ్ మల్టీ-టెంపోరల్ శార్ డేటా" (శార్ అంటే ఆ రేడారే).

లాస్ట్‌బెంచ్_రీసెర్చర్:

బ్రో, నా మాట విని వదిలెయ్. అబ్‌స్ట్రాక్ట్ ఎలాగూ డీఓఐతో (శాశ్వత లింకు నంబర్) వస్తుంది. ఎవరూ నిలబడని పోస్టర్ ముందు ఎవరు ఆగుతారు? చాప్టర్ రాసుకో.

చేయాలనే ఉంటే పోస్టర్ ఎలా చేయాలో చెప్పే మైక్ మోరిసన్ వీడియో చూడు. 2019లో వచ్చింది, అప్పటికి ఆయన సైకాలజీ పీహెచ్‌డీ విద్యార్థి. మధ్యలో పెద్ద అక్షరాలతో ఒకే వాక్యం, పక్కన క్యూఆర్ కోడ్, అంతే. ఒక్క పూటలో అయిపోతుంది.

పొట్టి_పోస్ట్‌డాక్:

తమ్ముడూ, నేను తిరుపతి అమ్మాయిని, జర్మనీలో నీటి వనరుల మీదే పని. ఈజీయూలో పోస్టర్లు పెట్టాను, రాలేనివాళ్ల పోస్టర్ల పక్కన నిలబడి మాట్లాడాను కూడా. కొంచెం పొడుగ్గానే రాస్తా, టీ పెట్టుకుని కూర్చో.

పై తమ్ముడు చెప్పిన బిల్‌బోర్డ్ పద్ధతి నాకూ ఇష్టమే, కానీ నీ కేసులో అది పనికిరాదు. ఆ ఒక్క వాక్యం చూసి మనిషి ఆగితే మిగతాది చెప్పడానికి పక్కన నువ్వుండాలి. నువ్వు లేనప్పుడు ఆ వాక్యం చదివి "అవునా" అనుకుని పక్క బోర్డుకి వెళ్లిపోతారు. మనిషి లేని పోస్టర్‌లో ప్రతి బొమ్మ కిందా రెండు వాక్యాలుండాలి: ఈ బొమ్మలో ఏం చూడాలి, దాన్నిబట్టి ఏం తేలింది. అందుకే నేను చెప్పేది, ముందు నువ్వు వెళ్లని పోస్టర్ చెయ్. వీసా వస్తే మాటలు కొన్ని తీసేసి బొమ్మలు పెంచు, గంట పని. తిరగేసి చేయాలనుకుంటే మాత్రం కష్టం, ఎందుకంటే నోటితో చెప్దామని దాచుకున్నదంతా ఆఖరి రాత్రి రాయాల్సి వస్తుంది.

మీ సార్ చెప్పిన రెండు రోజులు లేఅవుట్‌కి సరిపోతాయి. ఏం చెప్పాలో తేల్చుకోవడానికి సరిపోవు. ఆ తేల్చుకోవడం ఎలాగూ నీ చాప్టర్‌కి కావాల్సిందే, కాబట్టి టైమ్ వృథా అన్న బెంగ పెట్టుకోకు.

ఇక నీ డ్రాఫ్ట్. ఆ టైటిల్‌లో నువ్వేం కనిపెట్టావో లేదు, ఏ డేటా వాడావో మాత్రమే ఉంది. దాన్ని వాక్యం చెయ్. "పై చెరువు మత్తడి దుంకాక కింది చెరువు ఎన్నాళ్లకు నిండుతుందో మబ్బుల్లోంచి కూడా రేడార్ చూపిస్తుంది", ఇలాంటిది, ఇంగ్లీషులో. నీ ఫలితం ఏదైతే అదే టైటిల్.

తొమ్మిది మ్యాపులు గోడ క్యాలెండర్‌లా ఉంటాయి. చెరువుకొక నీలం చుక్క, తొమ్మిది తేదీలు, వియన్నాలో నిలబడినవాడికి ఏది పైదో ఏది కిందిదో తెలియదు. ఒకే ఒక గొలుసు తీసుకో, ఒకే వానాకాలం. ఎడమ అంచున చెరువులు పైనుంచి కిందికి వరుసగా రాయి, అడ్డంగా తేదీలు. ప్రతి చెరువుకీ ఒక అడ్డ పట్టీ, నీళ్లు పెరిగే కొద్దీ రంగు ముదరాలి. గొలుసు నిజంగా పనిచేస్తుంటే ఆ ముదురు రంగు మెట్లుమెట్లుగా కుడివైపుకు దిగుతూ కనిపిస్తుంది. ఎక్కడైనా మెట్టు తప్పితే ఆ చెరువుకి కాలువ పూడిపోయిందా, తూము తెరిచే ఉందా అని చూసినవాడే అడుగుతాడు. నీ పోస్టర్‌కి ఆ ఒక్క బొమ్మ చాలు, దాన్ని మధ్యలో పెట్టు.

దాని పక్కన చేత్తో గీసినట్టున్న అడ్డకోత బొమ్మ ఒకటి: కట్ట, తూము, మత్తడి, శిఖం (నీళ్లు నిలిచే నేల), ఆయకట్టు, కిందికి పోయే వాగు, ఆ వాగు మీద ఇంకో చెరువు. మనకి పుట్టినప్పటి నుంచి తెలిసింది కాబట్టి వదిలేస్తాం. పాకాల, రామప్ప, లక్నవరం పేర్లు విననివాళ్లకి, కాకతీయుల కాలంలో తవ్విన చెరువుల కింద ఇప్పటికీ వరి పండుతోందని తెలియనివాళ్లకి అదే అన్నిటికన్నా ఆసక్తి. రామప్ప చెరువు ఫొటో ఒకటి చిన్నది పెట్టు, గుడిది వద్దు. గుడి పెడితే అందరూ గుడి గురించే అడుగుతారు.

రంగులు: డ్రాఫ్ట్‌లో ఇంద్రధనుస్సు రంగులు వాడి ఉంటే మార్చెయ్. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లు ప్రతి హాల్లోనూ ఉంటారు. విరిడిస్ లాంటి రంగుల వరుస తీసుకో, నీళ్లకి లేత నుంచి ముదురు నీలం ఇంకా మేలు.

ఇప్పుడు అసలు సంగతి. రేడార్ వాళ్లు వచ్చి అడిగే ప్రశ్నలు నాకు ఇక్కణ్నుంచే వినిపిస్తున్నాయి. ఒకటి, గుర్రపుడెక్క కప్పేసిన చెరువు నేలలాగే కనిపిస్తుంది కదా, ఏం చేశావు? రెండు, గాలికి నీళ్ల మీద అలలు లేస్తే రేడార్ చిత్రంలో నీళ్లకుండే నలుపు పోయి తెల్లబడుతుంది కదా? మూడు, పన్నెండు రోజులకొకసారి వచ్చే చిత్రంతో నాలుగు రోజుల్లో నిండే చెరువుని ఎలా పట్టుకున్నావు? సెంటినెల్-1బి 2021 డిసెంబర్‌లో చెడిపోయింది, 1సి ఎగిరింది 2024 డిసెంబర్‌లో. మధ్య సంవత్సరాల్లో ఒక్క ఉపగ్రహమే ఉంది, ఆ డేటా వాడి ఉంటే ఈ ప్రశ్న తప్పదు. నువ్వుంటే నోటితో చెప్పేవాడివి. లేవు కాబట్టి కుడివైపు కింద ఒక డబ్బా గీసి ఈ మూడు ప్రశ్నలూ, మూడు జవాబులూ రాసెయ్. జవాబు లేనిదానికి "ఇది మా పద్ధతికి ఉన్న పరిమితి" అని రాయి. నీ భూకంపాల స్నేహితుడికి కూడా ఆ డబ్బానే ఆధారం. అది చదివి చూపించి, అంతకుమించి అడిగితే ఈమెయిల్ ఇచ్చి ఊరుకోమను. తెలియనిది ఊహించి చెప్పొద్దని గట్టిగా చెప్పు, ఎందుకంటే పోస్టర్ మీద ఉన్నది నీ పేరు.

కొలతలు జాగ్రత్త. ఈజీయూ బోర్డు అడ్డంగా ఉంటుంది, 197 సెంటీమీటర్ల వెడల్పు, 100 ఎత్తు. మన దగ్గర అలవాటైన నిలువు ఏ0 ఎత్తు దాదాపు 119. అది తీసుకెళ్తే కింద వేలాడుతుంది. పవర్‌పాయింట్‌లో చేస్తే 142 సెంటీమీటర్లకి మించి పేజీ పెట్టనివ్వదు, అందుకే సగం సైజులో, 98.5 బై 50లో చేసి, ప్రింట్ రెండింతలు చేయమని చెప్పు. అప్పుడు ఫైల్లో 14 పాయింట్ల అక్షరం బోర్డు మీద 28 అవుతుంది, అంతకన్నా చిన్నది ఎక్కడా వద్దు. గ్రాఫులు స్క్రీన్‌షాట్ తీసి అతికించకు, ఎస్వీజీగానో ఈఎంఎఫ్‌గానో తీసుకో, పెంచినా మసకబారవు.

క్యూఆర్ కోడ్ తప్పకుండా పెట్టు, నీ కేసులో అదే నీకు బదులు. కానీ ఉచితంగా కోడ్ చేసిస్తామనే సైట్లలో కొన్ని తమ లింకు మీదుగా తిప్పుతాయి, ట్రయల్ గడువు అయిపోగానే కోడ్ చచ్చిపోతుంది. నేరుగా నీ లింకునే కోడ్‌లో పెట్టేవాటిని వాడు. లింకు దేనికంటే, జెనోడోలో ఖాతా తెరువు. పరిశోధన ఫైళ్లు దాచుకునే సైటు, యూరప్ భౌతికశాస్త్ర సంస్థ సెర్న్ వాళ్లు నడిపేది, ఉచితం. ఫైలు పెట్టకముందే డీఓఐ రిజర్వ్ చేసుకోవచ్చు. ఆ నంబర్ పోస్టర్ మీద వేసుకుని, తర్వాత పోస్టర్ పీడీఎఫ్ అక్కడ ఎక్కించు, దాంతోపాటు రెండు నిమిషాల ఆడియో కూడా. మీటరున్నర దూరం నుంచి స్కాన్ అవ్వాలంటే కోడ్ పదిహేను సెంటీమీటర్లుండాలి.

నీ సెషన్ నడిపే కన్వీనర్‌కి ఇప్పుడే మెయిల్ పెట్టు: వీసా ఆలస్యమవుతోంది, రాలేకపోతే ఫలానా వ్యక్తి, రిజిస్టర్ చేసుకున్నవాడే, పోస్టర్ దగ్గర ఉంటాడు, కుదురుతుందా, లేక ఆన్‌లైన్‌లో చెప్పే వీలేమైనా ఉందా అని. ముందు చెప్తే ఎవరూ ఏమీ అనరు. చెప్పకుండా ఖాళీ బోర్డు వదిలేయడమే వాళ్లకి కోపం. నీ పోస్టర్ సమయానికి నువ్వు వీడియో కాల్‌లో ఉండొచ్చు కూడా, అప్పటికి మనకీ వియన్నాకీ మూడున్నర గంటలే తేడా, అక్కడ సాయంత్రం నాలుగంటే ఇక్కడ ఏడున్నర. ఫోన్ చేత్తో పట్టుకుని నిలబడటం స్నేహితుడికి నరకం, చిన్న స్టాండ్ కొనివ్వు.

ఫ్లెక్సీ_హన్మకొండ:

అన్నా, మాది ప్రింటింగే. అక్క చెప్పినవి చదివా, నావైపు నుంచి కొన్ని.

మీ సైజు చదరపు అడుగుల్లో దాదాపు 21 పడుతుంది. ఫ్లెక్సీ మీద కొట్టిస్తే చవకే కానీ బరువు, గొట్టంలో చుట్టి తీసుకెళ్లాలి, లైట్ల కింద మెరుస్తుంది. బట్ట మీద ప్రింట్ అడగండి, హైదరాబాద్‌లో తేలిగ్గా దొరుకుతుంది. మడిచి సూట్‌కేసులో పెట్టేయొచ్చు, అక్కడికెళ్లాక ఇస్త్రీ చేస్తే సరి. స్నేహితుడి చేతికి ఇచ్చేదైతే కచ్చితంగా బట్టదే. వాళ్ల సామాన్లో వాళ్ల పోస్టర్ గొట్టం ఒకటి ఉంటుంది కదా, మీది రెండోది ఎవరు మోస్తారు?

ఫైలు వాట్సాప్‌లో ఫొటోగా పంపొద్దు, నాణ్యత పోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా పెన్‌డ్రైవ్‌లో తెండి. పీడీఎఫ్‌లో ఫాంట్లు ఎంబెడ్ అయ్యాయో లేదో చూడండి, లేకపోతే మా సిస్టమ్‌లో వేరే ఫాంట్ పడి లైన్లు జరుగుతాయి. స్క్రీన్ మీద మెరిసే ఆకుపచ్చ, నీలం ప్రింట్‌లో కొంచెం చచ్చిపోతాయి, ముందు చిన్న ముక్క కొట్టించి చూసుకోండి. ఇంకోటి, "ఐలెట్లు వద్దు" అని నోటితో చెప్పండి. చెప్పకపోతే మా కుర్రాళ్లు అలవాటుగా నాలుగు మూలలా రింగులు కొట్టేస్తారు, మీ డిపార్ట్‌మెంట్ లోగో మధ్యలో కన్నం పడుతుంది.

ఇంట్లో టెస్ట్: మొత్తం పోస్టర్‌ని ఏ3 కాగితం మీద ప్రింట్ తీయండి. చెయ్యి మడిచినంత దూరంలో పట్టుకుంటే చిన్న అక్షరాలు చదవగలగాలి. ఏ4 మీద చూడకండి, ఇంత వెడల్పు పోస్టర్ దాంట్లో చీమలైపోతుంది.

డేట్ విషయం: మార్చి 30 ఉగాది, ఏప్రిల్ 6 శ్రీరామనవమి, 14 అంబేద్కర్ జయంతి. ఏప్రిల్ 10 నుంచి 14 దాకా మా షాపుల్లో మెషిన్ ఆగదు, మీ పోస్టర్ పక్కకు పోతుంది. 15 తర్వాత రండి, లేదా 8 లోపు.

మత్తడి_వరంగల్:

అక్కా, అన్నా, చాలా థ్యాంక్స్. మెట్ల బొమ్మ రాత్రే ట్రై చేశా. ఒక గొలుసులో మూడో చెరువు దగ్గర మెట్టు తప్పింది! నాలుగోది ముందే నిండుతోంది. పక్క వాగు నుంచి దానికి వేరే నీళ్లు వస్తున్నాయేమో, ఊళ్లో పెద్దవాళ్లని అడగాలి. తొమ్మిది మ్యాపులు పెట్టుకుని ఇన్నాళ్లూ ఇది కనబడలేదు.

ఇంకో రెండు డౌట్లు. స్నేహితుడు ఏప్రిల్ 25 శుక్రవారం రాత్రి బయల్దేరుతున్నాడు. వాడికి బట్ట ప్రింట్ ఇవ్వడమా, పీడీఎఫ్ ఇచ్చి అక్కడ కొట్టించుకోమనడమా? రెండోది, నేను వెళ్లకపోతే సీవీలో "ప్రెజెంటెడ్" అని రాసుకోవచ్చా?

బాపట్ల_మాస్టారు:

సీవీ సంగతి నేను చెప్తాను బాబూ, ఎంపిక కమిటీల్లో కూర్చుంటూ ఉంటాను. నువ్వు వెళ్లకపోతే "ప్రెజెంటెడ్" అని రాయకు. అబ్‌స్ట్రాక్ట్ వివరం రాసి, డీఓఐ ఇచ్చి, "పోస్టర్" అని పెట్టు, వేరేవాళ్లు చూపించారంటే అదీ రాయి. దానివల్ల మార్కులేమీ తగ్గవు. ఇంటర్వ్యూలో "వియన్నా ఎలా ఉంది?" అని ఎవరైనా సరదాగా అడిగితే నీళ్లు నమలాల్సిన పని ఉండదు.

గ్రాంట్ గురించి కూడా. ఇదివరకు పరిశోధనలకు డబ్బిచ్చే కేంద్ర సంస్థ ఎస్ఈఆర్‌బీ కింద ఉన్న ప్రయాణ సాయం ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన ఏఎన్ఆర్ఎఫ్ కిందికి వచ్చింది. ఎవరిచ్చినా ముందు నీ జేబులోంచి ఖర్చు పెట్టి తర్వాత తీసుకునే పరిస్థితి రావచ్చు, ఆ డబ్బు ఎక్కణ్నుంచి వస్తుందో ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకో. వీసాకి టికెట్ రిజర్వేషన్ చూపిస్తే చాలు, తిరిగి డబ్బు రాని టికెట్ ముందే కొనకు. ఇన్సూరెన్స్ మాత్రం 30,000 యూరోలకు తగ్గకుండా ఉండాలి, వీసా రాకపోతే ప్రీమియం వెనక్కిస్తారో లేదో అడిగి తీసుకో. 90 యూరోల వీసా ఫీజు ఎలాగూ తిరిగి రాదు.

ఇంకో మాట. వీసా రాకపోయినా ఆ పోస్టర్‌ని డిపార్ట్‌మెంట్ కారిడార్‌లో పెట్టి ఒక మధ్యాహ్నం నిలబడు. మా దగ్గర పిల్లల చేత అలా చేయిస్తాం. సాగునీటి శాఖ ఇంజనీర్లు ఒకరిద్దర్ని పిలువు. ఆ నాలుగో చెరువుకి నీళ్లెక్కణ్నుంచి వస్తున్నాయో ఈజీయూలో ఎవరూ చెప్పలేరు, వాళ్లు చెప్తారు.

లాస్ట్‌బెంచ్_రీసెర్చర్:

సరే, నేను ముందు చెప్పింది వెనక్కి తీసుకుంటున్నా. ఆ మెట్టు తప్పిన బొమ్మ కోసం నేనైతే ఆగుతా.

పొట్టి_పోస్ట్‌డాక్:

మాస్టారి కారిడార్ సలహా బాగుంది. వీసా వచ్చినా చెయ్, వెళ్లేముందు రిహార్సల్ అవుతుంది.

ప్రింట్ గురించి: బట్టది ఇచ్చి పంపు. మీ స్నేహితుడు వియన్నాలో దిగేది శనివారం. ఆదివారం ఆస్ట్రియాలో దాదాపు షాపులన్నీ మూసేస్తారు, సోమవారం పొద్దున్నే పోస్టర్ పెట్టాల్సి వస్తే అక్కడ కొట్టించుకోవడానికి శనివారం సాయంత్రం తప్ప టైమ్ లేదు. కొత్త ఊళ్లో విమానం దిగినవాణ్ని ఆ పరుగు పెట్టించకు. పీడీఎఫ్ కూడా వాడి ఫోన్‌లో, మెయిల్‌లో ఉంచు, సామాను తప్పిపోతే పనికొస్తుంది.

కాబట్టి 15 తర్వాత, మెషిన్ ఖాళీ అయ్యాక, ఒక్కటే ప్రింట్, వెళ్లని పోస్టర్‌ది. ఆ తర్వాత వీసా వస్తే అదే పట్టుకుని నువ్వెళ్లు. మాటలు కొంచెం ఎక్కువున్నాయని ఎవరూ కొట్టరు. రెండు వెర్షన్లు చేసి రెండుసార్లు డబ్బు పెట్టకు. ముందు గంట పని అన్నాను కానీ, ఈ తేదీలు చూశాక ఆ గంట కూడా అనవసరం.

నాలుగో చెరువుని దాచకు. మెట్టు తప్పిన చోట బాణం గుర్తు పెట్టి, "ఇక్కడ నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయో ఇంకా చూస్తున్నాం" అని రాయి. బోర్డు ముందు ఆగినవాళ్లు ఆ బాణం గురించే మాట్లాడుకుంటారు, మీ స్నేహితుడికి కూడా మాట్లాడటానికి ఒకటి దొరుకుతుంది.

మత్తడి_వరంగల్:

సరే అక్కా, ఫిక్స్. ఈ శనివారం ఆ చెరువుకి బైక్ మీద వెళ్లొస్తున్నా, చెరువు నీళ్లు చూసుకునే నీరటి ఒకాయన ఉన్నాడట, ఆయన్ని అడుగుతా. కన్వీనర్‌కి మెయిల్ ఇప్పుడే పంపేశా. వచ్చే వారం ఏ3 సైజు పీడీఎఫ్ ఇక్కడ పెడతా, ఎవరికైనా ఓపికుంటే చదివి తిట్టండి.

పొట్టి_పోస్ట్‌డాక్:

పెట్టు, చూస్తా. అడ్డకోత బొమ్మలో మత్తడి లేకుండా పెడితే మాత్రం మిగతాది చదవకుండానే తిప్పి పంపుతా.

ఫ్లెక్సీ_హన్మకొండ:

ఐలెట్లు వద్దని మర్చిపోకుండా చెప్పండన్నా.